నా పేరు కింద ఎర్రగీత

మొదటి ఫోన్ మడకశిర నుంచి వచ్చింది. నేను అప్పుడే లేత మల్బరీ ఆకు తరిగి ట్రేల్లో చల్లి, షెడ్డు బయటికి వస్తున్నాను. "అక్కా, ఈసారికి మాకు పురుగులు వద్దులేక్కా" అన్నాడు అవతలి మనిషి. ఏమప్పా, ఏంటికి అని అడిగితే "ఊరికే అక్కా" అన్నాడు. ఊరికే ఎవరూ పురుగులు వద్దనరు. తోటలో ఆకు కోతకు వచ్చి ఉంటుంది, షెడ్డు కడిగి సున్నం చల్లి పెట్టుకుని ఉంటారు. అంతా సిద్ధం చేసుకున్నాక వద్దంటున్నాడంటే వాళ్ళింట్లో ఏదో ఇబ్బంది వచ్చి ఉంటుందిలే అనుకున్నాను.

అన్నం తినేలోపల ఇంకా ఇద్దరు వద్దన్నారు. చిలమత్తూరు దగ్గర నుంచి మాట్లాడిన ఆవిడ మాత్రం మనసులో పెట్టుకోకుండా అడిగేసింది. "ఏమ్మా, మీ షెడ్డులో రోగం పడిందంట గదా? ముందే చెప్పేసింటే మేము ఇంకో చోట చూసుకుందుము గదా?"

ఫోన్ పెట్టేసి మళ్ళీ కాళ్ళు కడుక్కుని షెడ్డులోకి పోయాను. ట్రే ట్రేకూ వంగి చూశాను. పురుగులు ఆకు మీదికి ఎక్కి సుబ్బరంగా మేస్తున్నాయి. ఒక్కటైనా ముడుచుకుని పక్కకు పడి ఉంటే చిలమత్తూరు ఆవిడ మాట నమ్మేదాన్ని. ఏమీ లేదు. రోగం నా షెడ్డులో లేదు, కానీ చిలమత్తూరు దాకా పోయింది. అదెట్లా పోయిందో నాకు అంతు పట్టలేదు.

మాది హిందూపురం బయట ఒక చాకీ కేంద్రం. తెలియనివాళ్ళకు చెప్పాలంటే అది పట్టుపురుగుల బాలవాడి. గుడ్లు తెచ్చి పొదిగించి, అందులోంచి వచ్చే చీమ కంటే చిన్న పురుగులను కొన్నాళ్ళు పెంచుతాం. పురుగు పెరిగేటప్పుడు పాత చర్మం విడవడానికి మేత మానేసి కదలకుండా ఉండిపోతుంది. మా దగ్గర దాన్ని జ్వరం అంటారు. రెండో జ్వరం నుంచి లేచాక రైతులు వచ్చి వాటిని తీసుకుపోతారు. అక్కడి నుంచి గూడు కట్టేదాకా వాళ్ళ పూచీ. ఇందులో ఉన్న చిక్కల్లా ఒక్కటే. గుడ్డు పగిలిందంటే ఇక ఆగదు. రెండో జ్వరం నుంచి లేచిన పురుగుకు ఆకలి మామూలుగా ఉండదు, నాకున్న తోట వాటి మూతికి కూడా చాలదు. తీసుకుపోయేవాళ్ళు రాకపోతే గుంత తవ్వి పూడ్చడమే. నేను ఈ పని మొదలుపెట్టినప్పటి నుంచి ఒక్క ట్రే కూడా పూడ్చలేదు. అది నా గర్వం అనుకోండి, పొగరు అనుకోండి.

సంగతి ఏందో మా ఆయనే కనిపెట్టాడు. ఫోన్ పట్టుకుని వచ్చి, "ఏమే, నీ పేరు కింద ఏందో ఎర్రగీత ఉండాది, చూసినావా?" అన్నాడు.

ఫోన్‌లో పట్టు రైతులందరూ చేరిన ఆప్ ఒకటి ఉంది. ఆకు మీద మచ్చ వచ్చినా, పురుగు మేత మానినా ఫోటో తీసి అందులో పెడతారు. తెలిసినవాళ్ళు జవాబు చెప్తారు. జవాబు పనికొస్తే చెప్పినవాళ్ళ పేరు పక్కన పాయింట్లు పెరుగుతాయి. నాలాగా చాకీ ఇచ్చేవాళ్ళకైతే పురుగులు తీసుకున్న రైతులు నక్షత్రాలు కూడా ఇవ్వచ్చు. నేను తీరిక దొరికినప్పుడల్లా జవాబులు రాసేదాన్ని. పదో తరగతితో చదువు ఆగిపోయిన నన్ను పట్టుకుని ముక్కూ మొగమూ తెలియని రైతులు "మేడమ్" అని రాస్తుంటే బాగుండదా మరి? బాగానే ఉండేది. కొత్త రైతులు సగం మంది ఆ ఆప్‌లో నా పేరు చూసే వచ్చేవాళ్ళు.

ఇప్పుడు ఆ పేరు కింద నిజంగానే ఎర్రగీత ఉంది. దాని కింద "ఈ సభ్యురాలిపై చర్య తీసుకోబడింది" అని రాసి ఉంది. పాయింట్లు సగానికి సగం పోయాయి. ఎందుకు పోయాయో చూద్దామని గీత మీద వేలు పెడితే "గోప్యత దృష్ట్యా కారణం చూపబడదు" అని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే వచ్చింది. మా ఆయన ఫోన్‌లోంచి నొక్కి చూశాం. లోకంలో ఎవరు నొక్కినా అదే వస్తుంది కాబోలు.

చిలమత్తూరు ఆవిడ మాటకు అర్థం అప్పుడు తెలిసింది. మా పనిలో ఒక మనిషిని పక్కన పెట్టేది ఒక్క రోగానికే. ఎవరింట్లోనైనా పురుగులకు రోగం వచ్చిందంటే ఆ షెడ్డు దిక్కు ఎవరూ పోరు, వాళ్ళ దగ్గర ట్రే అడిగి తెచ్చుకోరు, ఎదురుపడినా దూరం నుంచే మాట్లాడి పోతారు. తప్పు పట్టి కాదు, భయంతో. చర్య అంటే ఏందో, సభ్యత్వ నియమాలంటే ఏందో మా రైతులకు పట్టదు. ఎర్రగా గీసి కారణం దాచారంటే, నోటితో చెప్పలేని కారణమే అయి ఉండాలి. నోటితో చెప్పలేనిది మాకు ఒక్కటే ఉంది. నేను వాళ్ళ స్థానంలో ఉన్నా అట్లే అనుకునేదాన్నేమో.

ఆప్‌లో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. చాలాసేపు పాట వినిపించాక బెంగళూరు నుంచి ఒక అమ్మాయి ఎత్తింది. తెలుగు సగం, కన్నడం సగం. మంచిపిల్లే పాపం.

"మేడమ్, అది ప్రైవసీ మేడమ్" అంది.

"ఎవురి ప్రైవసీ అమ్మా?"

"మీదే మేడమ్. మీమీద యాక్షన్ ఎందుకు తీసుకున్నామో అందరికీ తెలిస్తే మీకు మర్యాద పోతుంది కదా, అందుకని దాస్తాం."

"ఎర్రగీత అందరికీ కనిపిస్తాండాది గదా, దాన్ని ఏంటికి దాయలేదు?"

"గీత కనిపిస్తుంది మేడమ్. కారణం కనిపించదు."

"పోనీ నాకన్నా చెప్పు. నా మర్యాద నాకు తెలిస్తే పోదులే."

"మీకు చెప్తే ఎవరు చేశారో మీరు కనిపెట్టేస్తారు మేడమ్. వాళ్ళ ప్రైవసీ కూడా చూడాలి కదా" అంది. తర్వాత నా గొంతు విని జాలి పుట్టిందేమో, "రేటింగ్ చాలా పడిపోయింది మేడమ్. రేటింగ్ పెరిగితే గీత దానంతట అదే పోతుంది. నేను చెప్పానని అనకండి" అని పెట్టేసింది.

అంటే నా దగ్గర పురుగులు తీసుకుపోయినవాళ్ళే నాకు తక్కువ నక్షత్రాలు ఇచ్చారు. అదీ ఒకరిద్దరు కాదు. నాకు మొదట కోపం వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది, ఆ తర్వాత రెండూ కలిసి వచ్చాయి. పోయిన పంట ఎవరికీ చెడిపోలేదే! ఒక్కరైనా ఫోన్ చేసి ఇట్లయిందమ్మా అని చెప్పలేదే! మొహం మీద నవ్వుకుంటూ ట్రేలు తెచ్చి తిరిగిచ్చి, ఇంటికి పోయి చాటుగా ఇట్లా చేస్తారా?

ఆ రెండు మూడు రోజులు నేను మనిషిని కాదు. రైతులందరినీ కళ్ళ ముందు నిలబెట్టుకుని ఒక్కొక్కరినే నేరస్థుణ్ణి చేశాను. ఒకాయన ఆ మధ్య పురుగులు పొద్దుపోయి ఇచ్చానని గొణిగాడు, ఆయనే అనుకున్నాను. హిందూపురం బస్టాండులో ఆయన కనిపిస్తే గుడ్లురిమి చూశాను. ఆయన దగ్గరికి వచ్చి, "ఏమ్మా, వొంట్లో బాలేదా?" అని అడిగి, టీ తాగుదువు రమ్మన్నాడు. ఇంత మంచిగా మాట్లాడుతున్నాడంటే ఖచ్చితంగా ఈయనే అనిపించింది. టీ తాగాక ఈయన కాదేమో అనిపించింది. ఇంటికి వచ్చేసరికి మళ్ళీ ఈయనే అనిపించింది.

ఇంతలో పురుగులు మొదటి జ్వరం నుంచి లేచాయి. రెండో జ్వరం దాకా గడువు ఉంది, అంతే. అడిగినవాళ్ళలో సగం మంది వద్దన్నారు. మిగిలినవాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు. మా ఆయన ఏమీ అనకుండా షెడ్డు వెనక ఖాళీ జాగా చూసి వచ్చాడు. ఎందుకు చూశాడో నేను అడగలేదు.

నక్షత్రాల సంగతి తెలిసిన మనిషి మావాళ్ళలో మా అక్క ఒక్కతే. ధర్మవరంలో వాళ్ళకు మగ్గాలున్నాయి. నేసిన చీరలు ఫోటో తీసి ఫోన్‌లో పెట్టి అమ్ముతుంది. పురుగులను మా ఆయనకు అప్పగించి పొద్దున రైలుకు పోయాను. నేను పోయేసరికి అక్క ఒక చీరను తన భుజం మీదే వేసుకుని ఫోటో తీసుకుంటోంది, మొహం పడకుండా. నా గోడంతా విని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"నవ్వొద్దు, నా ప్రాణం పోతాంటే."

"నీ ఒక్కదానికేనా? నాకూ ఎవురో మహాతల్లి ఒక్క స్టారు ఇచ్చింది. ఎవురో తెలీదు. చీర కొన్న ప్రతి ఆడమనిషి మీదా అనుమానమే. ఇచ్చినోళ్ళ పేరు దాస్తారు, పడిన దెబ్బ మాత్రం ఊరంతా చూపిస్తారు. అంతే ఇది."

"అదేమి న్యాయం?"

"న్యాయమని ఎవురన్నారు? ఐదు ఇచ్చేవాళ్ళను అడిగి పెట్టించుకోవల్ల. సిగ్గుపడితే కాదు. ముందు ఇంటోళ్ళతో మొదలుపెట్టు. నాయన నీ దగ్గరే గదా పురుగులు తీసుకునేది? పోతా పోతా పెనుకొండలో దిగి, నాయనతో ఐదు పెట్టించుకో."

నాకు ఈ ఆలోచనే రాలేదు. నాయన ఆప్‌లో ఉన్నాడు. ధరలు చూసుకోవడానికి మా ఆయనే ఆయన ఫోన్‌లో వేసిచ్చాడు. ధరలు తప్ప ఇంకేమీ చూడడని నా నమ్మకం.

పెనుకొండలో దిగి ఆటో ఎక్కి ఊరికి పోయాను. నాయన షెడ్డు ముందర బండ మీద కూర్చుని ఉన్నాడు. అమ్మ సంతకు పోయిందట. రైల్లోంచి వచ్చిన బట్టలతో షెడ్డులోకి పోకూడదని నాకు తెలుసు, అందుకని బయటే కూర్చున్నాను. లోపల పురుగులు చంద్రికల మీదికి ఎక్కాయి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి పెట్టే తడిక. అదే నా పురుగుల పోయిన విడత. మేసేటప్పుడు ఉండే చప్పుడు ఏమీ లేదు. గూడు కట్టేటప్పుడు షెడ్డు నిశ్శబ్దంగా ఉంటుంది.

"ఏమ్మా, చెప్పకుండా వచ్చినావు? యాడ్నుంచి వస్తాండావు?"

"ధర్మవరం నుంచి. నాయనా, నీ ఫోన్ ఇట్లియ్యి. ఆప్‌లో నాకు స్టార్లు పెట్టల్ల."

"నేను ఎప్పుడో పెట్టినాను గదా."

నాకు ప్రాణం లేచి వచ్చింది. లోకమంతా నన్ను కింద పడేస్తే కన్నతండ్రి ఒక్కడు ఆదుకున్నాడు అనుకున్నాను. "ఎన్ని పెట్టినావు నాయనా?" అని మురిసిపోతూ అడిగాను.

"ఒకటి."

ఆటలాడుతున్నాడు అనుకున్నాను. ఆయన మొహంలో ఆట లేదు. చాలా మంచి పని చేసినవాడిలాగా కూర్చుని ఉన్నాడు.

"ఒకటి ఏంటికి పెట్టినావు? పోయిన పంట నీకు రాలేదా?"

నాయన షెడ్డు దిక్కు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఏదోలే, అట్లట్ల వచ్చింది."

ఆ పంట సంగతి నాకు తెలుసు. హిందూపురం గూళ్ళ మార్కెట్‌లో ఆ రోజు ఆయన గూళ్ళ కోసం వేలంలో ఒకరి మీద ఒకరు పడ్డారని మా ఆయన కళ్ళారా చూసి వచ్చి చెప్పాడు. అట్లాంటి పంట ఆయన ఎప్పుడూ తీయలేదు. కానీ మా దగ్గర పట్టుపురుగులు పెంచే మనిషి పంట బాగా వచ్చిందని నోటితో అనడు. అంటే దిష్టి తగులుతుంది. ఎంత బాగా వస్తే అంత తిట్టుకుంటాడు. "ఏం పురుగులో, ఉన్న ఆకంతా మేసి సంపినాయి" అన్నాడంటే బంగారం పండిందని లెక్క. ఆ మాటలు వింటూనే నేను పెరిగాను. మాటకు దిష్టి ఉందని నాకు తెలుసు. నక్షత్రానికి కూడా ఉంటుందని నాకు తట్టలేదు.

"ఐదు స్టార్లు పెట్టి, అది లోకమంతా చూసి, నా కూతురి పురుగులకు ఏమన్నా అయితే?" అన్నాడు నాయన. "పసిబిడ్డ చెంపకు చుక్క పెడతాం గదా, అట్ల ఒకటి పెట్టినా. నేనొక్కడినే పెడితే యాడ చాలుతాది? మార్కెట్‌లో నీ పురుగులు తీసుకున్నోళ్ళు కనపడినప్పుడల్లా చెప్పినా, మా పాపకు ఒకటే పెట్టండబ్బా, ఎక్కువ పెట్టొద్దండి అని. అందరూ మంచోళ్ళు. నా మాట తీసేయలేదు."

మూడు నాలుగు రోజులుగా నేను వెతుకుతున్న శత్రువు దొరికాడు. నా చిన్నప్పుడు జాతరలో తప్పిపోతానని నా చెయ్యి వదలనివాడు, ఇప్పుడు ఊరూరా మనుషులను పట్టుకుని నన్ను కింద పడేశాడు. తిట్టాలా, కాళ్ళకు దండం పెట్టాలా నాకు తెలియలేదు. తిట్టాను.

"నీ దిష్టి నీ దగ్గర పెట్టుకో నాయనా! నా షెడ్డులో రోగమని మడకశిర దాకా మాట పోయింది. పురుగులు తీసుకునేవాళ్ళు లేరు. నీ అల్లుడు గుంతకు జాగా చూస్తాండాడు."

అప్పుడు ఫోన్ తీసి ఎర్రగీత చూపించాను. నాయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. "కారణం రాయలేదే?" అన్నాడు. అదే గదా నా బాధ అన్నాను. "ఒకటి అంటే తక్కువ అని వాళ్ళు నిజంగానే అనుకున్నారా?" అని అడిగాడు. ఇంకేం అనుకుంటారు నాయనా అన్నాను. అట్లా ఏమీ తోచక కూర్చున్న నాయనను నేను ఎప్పుడూ చూడలేదు.

తర్వాత ఒక్కొక్కరికే ఫోన్ చేశాడు. "అబ్బా, ఆ ఒకటి తీసేసి ఐదు పెట్టండబ్బా. ఆప్‌వాళ్ళకు మన పద్ధతి తెలీదంట" అని. కొందరు సరే అన్నారు. నాయన పక్క షెడ్డు రైతు, ఆయన స్నేహితుడు, ఒప్పుకోలేదు. ఆయన కూడా అదే విడతలో నా పురుగులే తీసుకున్నాడు, ఆయనవీ చంద్రికల మీద ఉన్నాయి. "గూళ్ళు మార్కెట్‌లో పడనియ్యి, అప్పుడు ఐదు కాదు, ఎన్నుంటే అన్ని పెడతా. ఇప్పుడు మాత్రం నన్ను అడగొద్దు మామా" అన్నాడు. పురుగులు గూడు కట్టే ఈ రెండు మూడు దినాలు వాటి దిక్కు చూసి మంచి మాట అనేవాళ్ళు ఎవరూ లేరు.

నాయన పురుగులు కూడా చంద్రికల మీదే ఉన్నాయని అప్పుడు గుర్తుకొచ్చింది. "నువ్వు కూడా మార్కెట్ అయినాక పెట్టులే నాయనా" అన్నాను. నిజానికి నోటి చివర నుంచి అన్నాను. లోపల నాకు భయంగా ఉంది, ఒక్క నక్షత్రం తగ్గినా గీత పోదేమో అని.

"అప్పటికి నీ పురుగులు జ్వరం నుంచి లేచేయవా?" అన్నాడు.

ఆయన ఫోన్ తీసుకున్నాడు. ఆకు కోసి కోసి కాయలు కాసిన వేళ్ళు, ఎంత నొక్కినా ఫోన్ వినలేదు. నేను నొక్కుతానంటే ఇవ్వలేదు. "నేనే పెట్టల్ల" అన్నాడు. వేలు పంచెకు తుడుచుకుని మళ్ళీ నొక్కాడు. ఐదు నక్షత్రాలూ వెలిగాయి. వెంటనే ఫోన్ తిరగేసి బండ మీద పెట్టి, ఇంట్లోకి పోయి పిడికెడు ఉప్పు తెచ్చాడు. నన్ను కూర్చోబెట్టి దిష్టి తీసి, ఆ ఉప్పు తొట్టి నీళ్ళలో వేశాడు. షెడ్డుకు కూడా తీస్తాడేమో అనుకున్నాను. తీయలేదు. నాకే తీశాడు.

మర్నాడు మధ్యాహ్నానికి ఎర్రగీత లేదు. ఎందుకు వచ్చిందో చెప్పనట్లే ఎందుకు పోయిందో కూడా ఆప్ చెప్పలేదు. పాయింట్లు మాత్రం తిరిగి రాలేదు. చిలమత్తూరు ఆవిడ తానే ఫోన్ చేసి, "రోగం తగ్గిపోయిందంట గదమ్మా" అంది. రోగమే లేదమ్మా అని చెప్పబోయి ఊరుకున్నాను. పూర్తిగా చెప్పాలంటే నాయన దగ్గర నుంచి మొదలుపెట్టాలి, అది విన్నాక ఆవిడ నాకు ఎన్ని నక్షత్రాలు ఇవ్వాలో తెలియక ఇబ్బంది పడుతుంది. పురుగులు రెండో జ్వరం నుంచి లేచిన పొద్దున రైతులు వచ్చి ట్రేలు తీసుకుపోయారు. ఒక్క ట్రే కూడా మిగల్లేదు. మా ఆయన ఆ పూట రెండుసార్లు కాఫీ అడిగి తాగాడు.

ఎర్రగీత పోయిన రోజు నుంచే ముసురు పట్టింది. పెద్ద వాన కాదు, సన్నగా తుంపర, ఎండ ఎక్కడా లేదు. గూడు కట్టే పురుగుకు తేమ పనికిరాదు. షెడ్డులో గాలి ఆడకపోతే గూడు సగంలో వదిలేసి చచ్చిపోతుంది, కట్టిన గూడు కూడా లోపలే కరిగిపోతుంది. నాయనకు రోజూ ఫోన్ చేశాను. షెడ్డు తెరలు ఎత్తి పెట్టానని, గాలి బాగానే ఆడుతోందని చెప్పాడు.

తర్వాత ఒక రోజు పక్క షెడ్డు రైతు గూళ్ళు హిందూపురం మార్కెట్‌కు తెచ్చి, పోతా పోతా మా ఇంటికి వచ్చాడు. ఎట్లా వచ్చినాయన్నా అని అడిగాను. "ఏం అడుగుతావులేమ్మా, ఊరికే వచ్చినాయి. ఆకు దండగ, కష్టం దండగ. ఏం పురుగులో ఏమో నీవి" అని మొహం చిట్లించాడు. నాకు కడుపు నిండింది. అంత తిట్టాడంటే పంట చాలా బాగా వచ్చిందని అర్థం. అవే పురుగులు, అదే ఊరు, అదే ముసురు. ఇక నాయనకు భయం లేదు అనుకున్నాను.

నాయన కూడా మార్కెట్‌లో గూళ్ళు వేసిన రోజు మా ఇంటికి రాకుండా పోడు. అరుగు మీద కాళ్ళు చాపుకుని, నా పురుగులను ఇష్టమొచ్చినట్లు తిట్టి, అన్నం తిని పోవడం ఆయన అలవాటు. ఈసారి మార్కెట్‌కు వచ్చి పోయాడని మా ఆయన చెప్పాడు కానీ ఇంటికి రాలేదు. సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"ఎట్లొచ్చినాయి నాయనా?"

వెనక ఎక్కడో బస్సు హారన్ మోగింది.

"బాగొచ్చినాయమ్మా" అన్నాడు. "శానా బాగొచ్చినాయి. నీ పురుగులకు వంక పెట్టేదానికే లేదు."

నాయన నోట ఆ మాట నేను పుట్టినప్పటి నుంచి వినలేదు. పక్క షెడ్డులో ఒక్క నక్షత్రం మార్చనివాడి పంట నిలబడింది. నేను దిష్టిని నమ్మను. నాయన పంట పోయింది ముసురువల్లే అయి ఉంటుంది, లేకపోతే ఆయన షెడ్డులో ఒక వైపు గాలి ఆడి ఉండదు. నా పురుగులదే తప్పేమో కూడా, కానీ పక్కాయన పురుగులూ నావే గదా. ఎటు తిప్పి చూసినా నాకు తెగలేదు. "అట్లనా నాయనా, మంచిది" అన్నాను. నిజం అడిగే ధైర్యం లేదు. ఆయన కూడా ఆరోగ్యం చూసుకొమ్మని చెప్పి పెట్టేశాడు.

ఆయన పెట్టిన ఐదు నక్షత్రాలు ఇంకా అట్లే ఉన్నాయి. పెట్టినవాళ్ళ పేరు ఎవరికీ కనిపించదు. కొత్త రైతులు వాటిని చూసే నాకు ఫోన్ చేస్తున్నారు. వాటిని తీసేయమని నాయనతో ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.